పదును దాటకముందే

కర్నూలు, కడప జిల్లాల విద్యాశాఖాధికారులకు ఒక విశ్రాంత ఉపాధ్యాయుడి బహిరంగ లేఖ



నేను తెలుగు మాష్టారుగా సగం సర్వీసు కర్నూలు జిల్లాలో చేశాను. బదిలీ మీద వచ్చి మిగతా సగం కడప జిల్లాలో చేశాను. రిటైరైన టీచర్ల దగ్గర్నుంచి మీకు బకాయిల గురించీ, పింఛన్ల గురించీ ఉత్తరాలు వస్తుంటాయి. నేను రాస్తున్నది పిల్లల ముందుపళ్ళ గురించి. ఇంత చిన్న సంగతికి ఇంత పెద్ద లేఖా అనిపించినా దయచేసి చివరిదాకా చదవండి. ఒక పిల్లవాడి విషయంలో ఆ చిన్న సంగతి నా చేతుల్లోనే చెడింది.

ఒక సాయంత్రం మండల పోటీల కోసం మా బడి పిల్లలు కబడ్డీ ఆడుతున్నారు. పీఈటీ సారు సెలవులో ఉంటే నేనే నిలబడి చూస్తున్నాను. ఏడో తరగతి పిల్లవాడొకడు కూతకు పోయి, పట్టు విడిపించుకుని వెనక్కి దూకబోయి, తూలి, వేదిక అంచున పరిచిన కడప బండకు మూతి కొట్టుకున్నాడు. లేచేసరికి నోటినిండా నెత్తురు. "సార్, పన్ను ఊడిపాయ సార్!" అని పిల్లలందరూ ఒకటే అరుపు. ఒక అమ్మాయి మట్టిలో వెతికి ఆ పన్ను తెచ్చి నా అరచేతిలో పెట్టింది. పైదవడ ముందుపన్ను. ఎక్కడా విరగలేదు, వేరుతో సహా ఊడి వచ్చింది. వేరుకు కొంచెం మట్టి, ఆ మట్టి కింద తడితడిగా లేత ఎరుపు పొర.

అప్పుడు నేను చేసిన పని ఇది. బోరు కొళాయి కింద పెట్టి, బొటనవేలితో ఆ వేరు తెల్లగా అయ్యేదాకా రుద్ది కడిగాను. నోటుపుస్తకంలో కాగితం చింపి, పొట్లం కట్టి, చొక్కా జేబులో వేసుకున్నాను. కబురు పంపితే చేని నుంచి వాళ్ళ నాయన వచ్చాడు. "యేం గాదులే సార్, పిల్లోడు గదా, మల్ల వస్తాది" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. అప్పటికే ఆఖరు బస్సు పోయింది. మరునాడు పొద్దున పట్నంలో పళ్ళ డాక్టరు ముందు కూర్చున్నాం. ఆయన పొట్లం విప్పి చూసి మూడే ప్రశ్నలు అడిగాడు. ఎప్పుడు ఊడింది? దేంట్లో పెట్టి తెచ్చారు? వేరు రుద్దారా?

నా జవాబులు విన్నాక ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత పన్నును తిరిగి అమర్చాడు. కానీ ఆ పన్ను ఎముకకు అతుక్కుపోతుందనీ, దవడ ఎదుగుతుంటే అది పక్కపళ్ళతో పాటు కిందికి రాక పొట్టిగా కనబడుతుందనీ, వేరు మెల్లగా కరిగిపోతుందనీ ముందే చెప్పాడు. ఆయన చెప్పినట్టే జరిగింది. ఇంటర్‌కు వచ్చేసరికి ఆ పన్ను పోయింది. చాలా ఏళ్ళకు ఆ పిల్లవాడు బస్టాండులో కనబడి, "బాగుండారా సార్" అని నవ్వబోయి, అలవాటుగా అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ చెయ్యి అడ్డం పెట్టించింది నేనే.

ఆ మూడు ప్రశ్నల వెనక ఏముందో తర్వాత చదివి తెలుసుకున్నాను. మన పల్లెల్లో అందరికీ అర్థమయ్యే మాటల్లో చెప్తాను.

పన్ను ఎముకలో మేకు దిగినట్టు దిగి ఉండదు. పన్నుకూ ఎముకకూ నడుమ సన్నని పొర ఉంటుంది. దాని మందం మిల్లీమీటరులో అయిదో వంతు. పన్నును పట్టి ఉంచేదీ, నమిలేటప్పుడు పడే బరువును ఓర్చుకునేదీ ఆ పొరే. పన్ను ఊడినప్పుడు ఆ పొర చిరిగి సగం ఎముక వైపు, సగం వేరు మీద నిలుస్తుంది. నా అరచేతిలో కనబడిన లేత ఎరుపు అదే. అందులో ప్రాణమున్న కణాలుంటాయి. అవి బతికుండగా పన్నును గుంతలో పెడితే రెండు సగాలూ మళ్ళీ కలుస్తాయి. అవి చచ్చాక పెడితే ఒంట్లోని ఎముక ఆ వేరును తనలో కలిపేసుకుంటుంది.

కోడుమూరు వైపు ఉల్లి నాటే రైతును గానీ, పత్తికొండ వైపు టమాటా పెట్టే రైతును గానీ అడగండి. నారు పీకాక వేళ్ళకు ఎండ తగలనిస్తాడా? వేరుకంటిన మట్టిని గీకి కడుగుతాడా? తడి గోనెపట్ట కప్పి, పొద్దెక్కకముందే నాటేస్తాడు. నారును తలకాయ దగ్గర పట్టుకుంటాడు, వేళ్ళు నలపడు. ఊడిన పన్ను అచ్చంగా నారు మొక్కే. నేనేమో దాని వేళ్ళు కడిగి, ఎండబెట్టి, మరునాడు నాటమని ఇచ్చాను.

ఈ సంగతిని అంకెలతో తేల్చినవాడు డెన్మార్క్ దేశపు జెన్స్ ఓవె ఆండ్రియాసన్. కోపెన్‌హాగన్‌లో జీవితమంతా పంటి దెబ్బల మీదే పనిచేసి 2020లో కన్నుమూశాడు. 1966లో ఆయన మరొక వైద్యుడితో కలిసి, ఊడిపోయాక తిరిగి అమర్చిన 110 పళ్ళ చరిత్రను అచ్చువేశాడు. అరగంటలోపు గుంతలో పెట్టిన పళ్ళలో 90 శాతం వాటికి వేరు కరగడం కనబడలేదు. రెండు గంటలు దాటాక పెట్టిన వాటిలో 95 శాతం వేళ్ళు కరిగాయి.  మధ్యలో గడిచిన కాలమే పెద్ద తేడా. ఈరోజు ప్రపంచ దంతవైద్యులు పాటించే నియమాల ప్రకారం, పన్ను ఒక గంట పొడిగా ఉండిపోతే వేరు మీది కణాలు బతికి ఉంటాయని ఆశ పెట్టుకోలేం.

మన వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఎండలో, వేడిగాలిలో, ఒక పన్ను ఎంత తొందరగా ఎండుతుందో వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. నోటికి తగిలిన ప్రతి దెబ్బకూ అర్ధరాత్రి జీపు కట్టించుకుని పరుగెత్తనక్కరలేదు. ఆలస్యం వల్ల ఏ గాయానికి ఎంత నష్టమో ఆండ్రియాసన్ బృందమే 2002లో విడదీసి చెప్పింది. పూర్తిగా ఊడిన పన్ను, పక్కకు ఒరిగిన పన్ను, బయటికి జారిన పన్ను, విరిగిన వేరు, పళ్ళను మోసే ఎముక విరగడం, ఇవి గంటల్లో చూడవలసినవి. పన్ను విరిగి లోపలి నరం ఎర్రగా కనబడుతున్నా, పన్ను కదులుతున్నా, లోపలికి దిగబడినా ఒక రోజులోగా చూపిస్తే చాలు. కొస మాత్రమే విరిగి, నరం బయటపడకపోతే ఒకటి రెండు రోజులు ఆగినా ప్రమాదం లేదు. విరిగిన ముక్కను మాత్రం నీళ్ళలో వేసి వెంట తీసుకుపోతే చాలాసార్లు దాన్నే తిరిగి అతికిస్తారు. నరం బయటపడిన పిల్లల పళ్ళను కూడా కాపాడవచ్చని స్వీడన్‌లో పనిచేసిన మియోమిర్ చ్వెక్ 1978లో చూపాడు. నరాన్ని పైపైన కొంచెం తీసి మందు పెట్టిన 60 పళ్ళలో 96 శాతం నిలిచాయి. ఈ తేడాలు టీచరుకు తెలిస్తే అనవసరంగా బెదరడు, అవసరమైనప్పుడు ఆగడు.

ఇప్పుడు మన నేల సంగతి చూడండి. కడపలో రిమ్స్ ఆవరణలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. కర్నూలులో జి.పుల్లారెడ్డి పేరున దంత కళాశాల ఉంది, పెద్దాసుపత్రి ఉంది. ఇవన్నీ మన అదృష్టమే. కానీ ఆదోని నుంచి కర్నూలుకు సుమారు వంద కిలోమీటర్లు. హొళగుందలో, కౌతాళంలో, ఆలూరు దాటిన పల్లెల్లో పిల్లవాడు పడితే ముందు ఆదోనికి రావాలి. కడప జిల్లాలో పోరుమామిళ్ళ వైపు, ముద్దనూరు వైపు పల్లెలదీ ఇదే కథ. బస్సు దొరికి, ఎక్కి, దిగి, ఓపీ చీటీ రాయించుకునేలోపు ఆ అరగంట ఎప్పుడో అయిపోతుంది. కర్నూలులో ఎంత గొప్ప డాక్టరు కూర్చుని ఉన్నా, గడిచిన గంటను వెనక్కి తేలేడు. అందుకే ఊడిన పన్నుకు మొదటి వైద్యం ఆటస్థలంలోనే జరగాలి. అది చేయగలిగినవాళ్ళు పీఈటీ సారు, క్లాసు టీచరు, వంట చేసే అక్క, పక్కనున్న పదో తరగతి పిల్ల.

ఆ వైద్యం కష్టమైనదేమీ కాదు. ముందు పిల్లవాణ్ణి కూర్చోబెట్టి ధైర్యం చెప్పాలి. పన్ను వెతికి, పైకి కనబడే తెల్లని భాగాన్నే పట్టుకోవాలి. వేరును ముట్టుకోకూడదు. మట్టి అంటితే పాలతోనో, సెలైన్‌తోనో, ఏదీ లేకుంటే పిల్లవాడి ఉమ్ముతోనో ఒక్కసారి కడగాలి. సబ్బు, బ్రష్, గుడ్డ, బొటనవేలు, ఏవీ వేరు మీదికి పోకూడదు. తర్వాత ముందూ వెనకా చూసుకుని, పక్కపన్నుకు సరిపోయేట్టు మెల్లగా గుంతలో పెట్టాలి. శుభ్రమైన గుడ్డ మడిచి కొరికి పట్టుకోమనాలి. అలా పట్టుకునే డాక్టరు దగ్గరికి పోవాలి.

చేతులు రాకపోతే, పిల్లవాడు భయపడి నోరు తెరవకపోతే, పన్నును పాలలో వెయ్యాలి. ఆవుపాలైనా, గేదెపాలైనా, పాకెట్ పాలైనా సరే, చక్కెర, కాఫీ, టీపొడి పడకూడదు, వేడిగా ఉండకూడదు. పాలలో కరిగి ఉన్న పదార్థాల గాఢత మన కణాల లోపలి గాఢతకు దగ్గరగా ఉంటుంది, అందుకే కణాలు ఓర్చుకుంటాయి. మంచినీళ్ళలో నానబెడితే అవే కణాలు ఉబ్బి పగులుతాయి. గత్యంతరం లేకుంటే ఎండబెట్టడం కన్నా నీళ్ళు మేలు, అంతే. కొబ్బరినీళ్ళ మీద మన దేశంలోనూ పరిశోధనలు జరిగాయి గానీ, వాటి పులుపు వల్ల ఫలితాలు ఒక్కతీరుగా రాలేదు. చేతిలో పాలుండగా వాటి జోలికి పోనక్కరలేదు.

బడిలో పాలెక్కడివి అని మీరడగవచ్చు. చాలా ఊళ్ళలో బడి పక్కనే, కొన్నిచోట్ల అదే ఆవరణలో అంగన్‌వాడీ ఉంది. అక్కడ బాలింతలకూ పసిపిల్లలకూ ఇచ్చే పాల పాకెట్లు ఉంటాయి. టీ అంగడి లేని ఊరు లేదు. ఇంకొక దారి కూడా ఉంది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్, అక్కడి రెడ్‌క్రాస్ కలిసి 2020లో ఇచ్చిన ప్రథమ చికిత్స సూచనల్లో, ఊడిన పన్నును ఓఆర్ఎస్ ద్రావణంలో ఉంచవచ్చని ఉంది. వడదెబ్బల సీమ మనది. ఆశా కార్యకర్త సంచిలో ఓఆర్ఎస్ పొట్లం లేని వేసవి లేదు. ఒక పొట్లం, కొలత ప్రకారం శుభ్రమైన నీళ్ళు, మూతున్న ఒక సీసా ఉంటే చాలు. నేను ఆ రోజు జేబులో వేసుకున్న కాగితప్పొట్లం బదులు ఆ సీసా ఉండి ఉంటే ఈ లేఖ రాసే అవసరం ఉండేది కాదు.

తిరిగి పెట్టకూడని సందర్భాలు కూడా టీచరుకు తెలియాలి. పాలపన్ను ఊడితే పెట్టకూడదు, కింద మొలకెత్తే శాశ్వత పన్ను దెబ్బతినవచ్చు. పిల్లవాడు స్పృహ తప్పినా, వాంతులు చేసుకున్నా, మాట తడబడినా పన్ను సంగతి తర్వాత, ముందు 108. ఎంత వెతికినా పన్ను దొరకకపోతే ఆ మాట డాక్టరుకు చెప్పాలి, అది ఊపిరితిత్తుల్లోకి పోయి ఉండవచ్చు. ఇక ఆలస్యమైపోయిందని పన్నును పారేయకూడదు. ఆలస్యంగా పెట్టిన పన్ను ఎల్లకాలం నిలవకపోయినా, పిల్లవాడు పెరిగే కొన్నేళ్ళు అక్కడి ఎముకను నిలబెడుతుంది. దవడ ఎదుగుదల ఆగేదాకా ఇంప్లాంట్ పెట్టరు కాబట్టి ఆ కొన్నేళ్ళూ విలువైనవే.

"మల్ల వస్తాది" అనే మాట గురించి కూడా చెప్పాలి. ఊడిన పాలపన్నును పేడముద్దలో పెట్టి మిద్దె మీదికి విసరడం మనమంతా చిన్నప్పుడు చేసినదే. ఊడిన పన్ను అయిపోయిన పన్ను అన్న నమ్మకం అక్కడినుంచే మనసులో పడింది. కానీ పైదవడ ముందుపళ్ళు ఏడెనిమిదేళ్ళకే శాశ్వతమైనవి వచ్చేస్తాయి. అంటే రెండో మూడో తరగతి దాటిన పిల్లవాడికి ముందుపన్ను ఊడితే మళ్ళీ రాదు. సరిగ్గా ఆ వయసు నుంచే పిల్లలు పరుగులు, సైకిళ్ళు, కబడ్డీ మొదలుపెడతారు. ముందుపళ్ళు ఎత్తుగా ఉన్నవాళ్ళకు ప్రమాదం ఇంకా ఎక్కువ. పళ్ళకు దెబ్బ తగిలినవాళ్ళు ఈ లోకంలో వంద కోట్లకు పైనే ఉంటారని 2018లో అచ్చయిన ఒక అంచనా. ఇది ఎక్కడో అరుదుగా జరిగేది కాదు.

అయితే టీచర్లు ఎందుకు చెయ్యరు? తెలియక కొంత. మన దేశంలో పలుచోట్ల బడి టీచర్లను అడిగి చూసిన అధ్యయనాలు చాలావరకు ఈ తెలియకపోవడాన్నే చెప్తున్నాయి. భయం వల్ల కొంత. ఆ భయం నాకు బాగా తెలుసు. పరాయి బిడ్డ నోట్లో వేలు పెట్టి ఏదైనా తేడా వస్తే, మరునాడు బడి గేటు ముందు ఊరంతా నిలబడుతుంది. "డాక్టరు చేయాల్సిన పని నువ్వెందుకు చేసినావు సార్?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు టీచరు చూపించడానికి చేతిలో ఒక కాగితం కావాలి. ఆ కాగితం ఇవ్వగలిగింది మీరే. అందుకే ఈ లేఖ మీకు రాస్తున్నాను.

నేను అడిగేవి ఇవి.

మొదటిది, ఒక సర్క్యులర్. ఊడిన శాశ్వత పన్నును వెంటనే గుంతలో పెట్టడం గానీ, పాలలో గానీ ఓఆర్ఎస్‌లో గానీ వేయడం గానీ ప్రథమ చికిత్సలో భాగమని స్పష్టంగా రాయండి. బడి మొదలయ్యే జూన్‌లో తల్లిదండ్రుల సమావేశంలో దాన్ని చదివి వినిపించి సమ్మతి తీసుకోమనండి. సమ్మతి ముందే ఉంటే ఆ క్షణంలో చెయ్యి వణకదు.

రెండోది, గోడ మీద ఒక పేజీ. తెలుగులోనే కాదు, కడప, కర్నూలు ఉర్దూ బడులకు ఉర్దూలో, ఆదోని వైపు సరిహద్దు బడులకు కన్నడంలో. నాలుగు బొమ్మలు చాలు: తెల్లని భాగం పట్టుకో, రుద్దొద్దు, గుంతలో పెట్టు, లేదా పాలలో వెయ్యి. ఆఫీసు రూములో కాదు, ఆటస్థలం వైపు గోడ మీద.

మూడోది, పీఈటీలకు ఏడాదికొక పూట శిక్షణ. కడప ప్రభుత్వ దంత కళాశాలనూ, కర్నూలు దంత కళాశాలనూ మీరు అడిగితే కాదనరు. అక్కడ పీకిన పళ్ళూ, ప్లాస్టిక్ దవడలూ ఉంటాయి. ఒక్కసారి చేతితో పెట్టి చూస్తే జీవితకాలం గుర్తుంటుంది.

నాలుగోది, ప్రతి బడికీ ఒక ఫోన్ నంబరు. దగ్గరలో పళ్ళ డాక్టరున్న ప్రభుత్వ ఆసుపత్రి ఏది, ఏ వేళల్లో ఉంటారు, లేనప్పుడు ఎక్కడికి పంపాలి. వైద్యశాఖ వారితో మాట్లాడి మండలాలవారీగా ఆ జాబితా తయారు చేయించండి. 108 సిబ్బందికి కూడా ఈ నాలుగు మాటలు చెప్పించండి.

అయిదోది, ఆటల పోటీలు జరిగే ప్రతిచోటా ప్రథమ చికిత్స పెట్టెలో ఓఆర్ఎస్ పొట్లం, మూత సీసా. ఇది బడి గోడలు దాటి కూడా పోవాలి. దసరా రాత్రి దేవరగట్టు మాళమల్లేశ్వరుని బన్నీ ఉత్సవంలో ఏటా కర్రల దెబ్బలకు ఎంతమంది గాయపడతారో కర్నూలు జిల్లాకు తెలుసు. అక్కడ వైద్య శిబిరం పెడుతున్నారు. ఆ శిబిరంలో తలకు కుట్లు వేసే డాక్టరు పక్కన ఒక పళ్ళ డాక్టరూ, రెండు పాల పాకెట్లూ ఉండేట్టు కలెక్టరు గారికి మీరొక మాట చెప్పండి.

ఆరోది, బండ అంచులు. మన వరండాలు, వేదికలు, కొళాయి గట్లు అన్నీ కడప బండలూ, బేతంచెర్ల బండలే. తడిస్తే జారతాయి, అంచులు కత్తుల్లా ఉంటాయి. నాడు ఆ పిల్లవాడి పన్ను తీసింది అలాంటి అంచే. బండ పరిచే మేస్త్రీని అంచు గుండ్రంగా అరగదీయమంటే అదనంగా అయ్యేది కాస్త కూలీనే. బాగు చేయించే పనుల్లో ఈ ఒక్క వాక్యం చేర్చండి.

తల్లిదండ్రులకూ ఒక మాట. పన్ను గుంతలో పెట్టినంతమాత్రాన పని అయిపోదు. డాక్టరు దాన్ని సన్నని తీగతో పక్కపళ్ళకు రెండు వారాలు కట్టి ఉంచుతాడు. ధనుర్వాతం సూది అవసరమో కాదో చూస్తాడు. వేరు పూర్తిగా పెరిగిన పన్నుకు రెండు వారాలలోపే రూట్ కెనాల్ మొదలుపెట్టాలి. వేరు కొస ఇంకా మూసుకోని చిన్నపిల్లలకైతే నరం తిరిగి చిగురించే అవకాశం ఉంది కాబట్టి ఆగి చూస్తారు. ఆ రెండు వారాలూ సంగటి, పప్పన్నం లాంటి మెత్తని తిండి పెట్టాలి, పోటీ ఆటలు మాన్పించాలి, మెత్తని బ్రష్‌తో పళ్ళు తోమించాలి. తర్వాత ఏళ్ళ తరబడి చెప్పిన తేదీకి చూపించాలి. సేద్యం పనుల్లో ఆ తేదీ మరిచిపోతే, ఆటస్థలంలో కాపాడిన పన్ను ఇంట్లో పోతుంది.

అధికారులారా, మన మెట్టసీమలో కాలం విలువ తెలియని ఇల్లు లేదు. వాన పడ్డాక నేలలో పదును ఉండగానే గొర్రు కట్టాలి. రెండు రోజులు ఆలస్యమైతే అదే నేల, అదే విత్తనం, అదే ఎద్దులు, మొలక మాత్రం రాదు. అందుకే వాన ఆగిన పొద్దున ఊళ్ళో ఎవరూ ఎవరినీ పిలవనక్కరలేదు, అందరూ చేన్లోనే ఉంటారు. ఊడిన పన్ను పదును అరగంట. ఆ అరగంటలో ఏం చేయాలో ప్రతి టీచరుకూ వచ్చేట్టు చేయడం మీ ఒక సంతకంతో మొదలవుతుంది.

ఈ జూన్‌లో బడులు తెరిచేనాటికి ఆ సంతకం పడాలని కోరుతున్నాను. ఏ ఊరి బడి నన్ను పిలిచినా నా ఖర్చుతో పోయి ఈ నాలుగు మాటలూ పిల్లలకు చెప్పి వస్తాను. ఆ రోజు మట్టిలో వెతికి పన్ను తెచ్చిన అమ్మాయి తన పని సరిగ్గానే చేసింది, తెల్లని భాగాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని జాగ్రత్తగా తెచ్చింది. ఆ తర్వాత ఏం చేయాలో చెప్పవలసిన పెద్దవాణ్ణి నేను. నాకు తెలియలేదు. ఇంకొక పిల్ల అలాగే పరుగెత్తుకొచ్చి చెయ్యి చాపినప్పుడు, ఎదురుగా ఉన్న టీచరుకు తెలిసి ఉండాలి.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు